సత్రం గోడలో గుడ్డు

పాత గోడల సున్నాన్ని పరీక్ష చేసి చూడటం కూడా ఒక పనేనని మా అనంతపురంలో ఎవరినైనా ఒప్పించడం కష్టం. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతానంటే నమ్ముతారు. సెలవుల్లో సుత్తీ ఉలీ సంచిలో వేసుకుని పాత గుళ్ళూ సత్రాలూ తిరుగుతానని, రాళ్ళ సందుల్లోంచి పిడికెడు గార రాల్చి తెచ్చుకుని, అందులో ఏమేం కలిపారో తేల్చి, మరమ్మతుకు ఏది వాడాలో రాసిస్తానని చెబితే మాత్రం నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూస్తారు. ఆ తరవాత అందరూ అడిగేది ఒకటే ప్రశ్న.

"గుడ్లు కలిపింటారు కదా మేడం?"

పళ్ళ డాక్టరు అడిగాడు, నా నోట్లో చేయి పెట్టి మరీ. బస్సు కండక్టరు అడిగాడు. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే పెద్దమనిషీ అడిగాడు. గుడ్లసొన, బెల్లం, కరక్కాయ. ఏ ఊళ్ళో ఏ పాత గోడను చూపించినా బండ్లకొద్దీ గుడ్లు పోసి కట్టారనే చెబుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. వాన లేక మనుషులే గింజలకు మొహం వాచిన సీమ ఇది. అన్ని కోళ్ళను ఎవరు మేపారు? మేపారే అనుకుందాం, పెట్టిన గుడ్డును తినకుండా గోడకు పోసేంత వెర్రివాళ్ళా మన ముత్తాతలు? ఈ మాట అడిగితే, "అప్పట్లో అట్ల ఉండేదిలే మేడం" అంటారు. అప్పట్లో ఏదైనా అట్లే ఉండేది. కొన్ని చోట్ల అలాంటివి కలిపిన మాట నిజమే, కాదనను. కానీ గోడను నిలబెట్టేది సున్నమూ ఇసుకా, దాన్ని ఓపిగ్గా నానబెట్టి నూరిన చేతులూ. అది చెబితే వినేవాడు లేడు. సున్నంలో రుచి ఏముంది చెప్పండి, గుడ్డులో ఉన్నంత!

ఆమధ్య ఒక ఎండాకాలం గోరంట్ల అవతలి ఊరి నుంచి ఒక పెద్దాయన ఫోను చేశాడు. వాళ్ళది తరతరాలుగా వేరుశనగ వ్యాపారం చేసే ఇల్లు. ఆయన ముత్తాత ఆ ఊరి బజారులో ఒక రాతి సత్రం కట్టించాడట. దారిన పోయేవాళ్ళకు మధ్యాహ్నం అన్నం పెట్టడం దాని పని. ఇప్పటికీ పెడుతున్నారు. గోడలు చెమ్మ పట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడుతున్నాయని, వచ్చి చూడమని అడిగాడు. అంతా చెప్పాక గొంతు తగ్గించాడు.

"ఏమ్మా, ఇంకో మాట. మా సత్రంలో గుడ్డు కలిపినారని ఊర్లో అంటాండారు. మేము గుడ్డు ముట్టని ఇంటోళ్ళం. అదొకటి తేల్చల్ల."

"గోడ పడిపోతాంది అంటాండావు కదయ్యా, ముందు అది చూద్దాం" అన్నాను.

"గోడ సంగతి ఉండనీమ్మా. ముందు ఇది."

వెళ్ళాను. లోపల అడుగు పెట్టగానే ఆ ఎండ ఎక్కడికి పోయిందో తెలియలేదు. మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, నడిమి హాల్లో వరసగా కూర్చుని తింటున్న జనం. సంతకు వచ్చినవాళ్ళు, గొర్రెలు తోలుకొచ్చినవాళ్ళు, ఆసుపత్రికని బయల్దేరి బస్సు తప్పిపోయినవాళ్ళు. వడ్డించేది, వండేది ఒక్కామే. పెద్దాయనకు దూరపు చుట్టం, వరసకు కోడలవుతుంది. మొగుడు పోయి, పిల్లల్లేక, ముదిగుబ్బలో మరిది పంచన నానా మాటలూ పడుతుంటే పెద్దాయనే తెచ్చి సత్రం వెనక గదిలో పెట్టాడు. ఇల్లూ, పనీ, ఊళ్ళో ఒక పరువూ ఆమెకు ఆ పొయ్యి ఇచ్చినవే. నన్ను చూడగానే చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కకు పిలిచింది.

"మేడమ్మా, గోడ బాగైతుందా? నిజం చెప్పు. అబ్బయ్య దీన్ని పడగొట్టి అంగళ్ళు కట్టిస్తానంటాండాడు. ఇది పోతే నేను మళ్ళా ఆ ముదిగుబ్బకే పోవల్ల. ఆ కొంపకు పోయేదానికన్నా ఈ గోడ నామీద పడితేనే మేలు."

అబ్బయ్య అంటే పెద్దాయన కొడుకు. ఆ గోడల జబ్బుకు మూలవిరాట్టు అతనే. కొన్నేళ్ళ కిందట సత్రాన్ని అందంగా చేస్తానని పాత సున్నపు గార మీద సిమెంటు పూయించి, దానిపైన గులాబి రంగు ఆయిల్ పెయింటు కొట్టించాడు. రాతి గోడ నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది, సున్నం గుండా బయటికి వదిలేస్తుంది. దాని బతుకు అది. సిమెంటు ఆ దారి మూసేసింది. నడి ఎండాకాలంలో మనిషికి రబ్బరు కోటు తొడిగి కూర్చోబెట్టినట్టు. లోపలి తడి లోపలే ఉండి, ఉప్పు పువ్వులా పొంగి, గులాబి రంగును తోసేస్తోంది. ఇది చెబితే కొడుకు నవ్వాడు.

"సిమెంటు గట్టిది కదా మేడం. పాతది వీకు. వీకు మీద గట్టిది నిలబడదు. అందుకే పడగొడదామంటాండా."

రాళ్ళ సందులోంచి గార తీయబోతే పెద్దాయన ఆపాడు. ఇనుము తగిలించే ముందు గోడకు కొబ్బరికాయ కొట్టాలన్నాడు. సరే అన్నాను. కాయ కొట్టాక కుంకం పెట్టాడు, కుంకం పెట్టాక హారతిచ్చాడు. సిమెంటు లేని అటక చాటున, కుంకం అంటని చోట వెతుక్కుని మూడు సందుల్లోంచి గార తీశాను. ఉలి దిగడానికి మొరాయించింది. అంత గట్టిది! నా మణికట్టు నాలుగు రోజులు నొప్పి పుట్టింది. హాలు గోడకు పూసిన సిమెంటేమో గోరు పెట్టి లాగితే అప్పడంలా ఊడి వచ్చింది. వీకు ఏదో, గట్టి ఏదో ఆ ఇద్దరికీ చూపించాను. పెద్దాయన నా చేతిలోని తెల్లటి ముద్దను దగ్గరగా వాసన చూశాడు, నీచు కొడుతుందేమోనని.

తిరుగు ప్రయాణంలో బైపాసు పక్కన టీకి ఆగితే అక్కడి డాబాలో కొడుకు కనిపించాడు. ముందర డబుల్ ఆమ్లెట్టు, దానిమీద పచ్చిమిరపకాయలు. నన్ను చూసి ఏమాత్రం తడబడలేదు.

"మేడం, నాయనకు చెప్పొద్దండి. ఆయన పాతకాలం మనిషి."

నాకెందుకయ్యా నీ ఆమ్లెట్టు అనుకుని టీ తాగి వచ్చేశాను.

పరీక్ష పెద్ద మాయేమీ కాదు. గారను పొడి చేసి పలచటి ఆసిడ్‌లో వేస్తే సున్నం బుసబుసా పొంగి కరిగిపోతుంది. అడుగున ఇసుక మిగులుతుంది. ఆ ఇసుకను కడిగి, ఆరబెట్టి, జల్లెడ పట్టి, తూకం వేస్తే ఏది ఏ పాళ్ళలో కలిపారో తెలుస్తుంది. సత్రం ఇసుక ముద్దొచ్చేలా ఉంది. చిత్రావతి ఇసుక. ఇప్పుడు ఆ ఏట్లో నీళ్ళెలాగూ లేవు, ఇసుక కూడా లారీలెక్కి బెంగుళూరుకు పోయింది. చూడాలంటే ఇలా పాత గోడల్లోనే చూడాలి. దాంతోపాటు సన్నగా దంచిన ఇటుక పొడి ఉంది. సున్నం కల్తీ లేనిది. ఈ సంగతులన్నీ నేను మురిసిపోతూ రాసుకుంటుంటే రోజూ పెద్దాయన ఫోను.

"తేలినాదా అమ్మా?"

"తేలింది. గార చాలా బాగుండాది."

"అది కాదమ్మా. అది..."

ఏం చేయను, ఆ పరీక్షా చేశాను. ఒక మందు వేస్తే, మాంసకృత్తులు, అదే ఇప్పుడు అందరూ ప్రోటీను అంటున్నారే, అవి ఉంటే రంగు మారుతుంది. రంగు మారిందా అంటే మారింది, లేదా అంటే లేదు. కళ్ళు చికిలించి చూస్తే ఊదా ఛాయ. అది గుడ్డుదే కానక్కర్లేదు. పాలదీ కావచ్చు, పప్పుదీ కావచ్చు, గోడలో చచ్చిన పురుగుదైనా కావచ్చు. ఉన్నదున్నట్టు రాశాను. అబద్ధం రాయడానికి చేయి రాలేదు.

రిపోర్టు చదివే రోజున పెద్దాయన బజారులోని వ్యాపారస్తులందరినీ సత్రం హాల్లో కూర్చోబెట్టాడు. పెళ్ళి మాటలకు వచ్చినట్టు అందరూ తెల్ల పంచెలు కట్టుకుని వచ్చారు. వంటామె వాకిలి పక్కన నిలబడింది. నేను చదివాను. గోడ లోపల గట్టిగా ఉంది, జబ్బంతా పైన పూసిన సిమెంటుది, దాన్ని ఊడదీసి పాత పాళ్ళలోనే సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి పూయండి, మనవళ్ళ మనవళ్ళ దాకా నిలుస్తుంది, ఇంకేమీ కలపొద్దు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఒకాయన ఆవులించాడు. ఒకాయన ఫోనులో వేరుశనగ ధర చూసుకుంటున్నాడు. వంటామె ఒక్కతే కళ్ళు తుడుచుకుంది. చివర ఒక్క లైను మిగిలింది. "ప్రోటీను ఆనవాలు స్వల్పంగా ఉంది, దేనిదో తేలలేదు."

మందుల అంగడాయన ఆవులింత మధ్యలో ఆగిపోయాడు.

"ప్రోటీనంటే గుడ్డే కదా అన్నా!"

అంతే. హాలంతా లేచి నిలబడింది. అందరికంటే ముందు లేచింది ఎవరనుకున్నారు? కొడుకు. కళ్ళలో నీళ్ళు. నిజం నీళ్ళే, నేను చూశాను.

"నాయనా! ఇన్నాళ్ళూ మనం గుడ్డు గోడల మధ్య కూర్చోని రాముల పెండ్లి చేసినామా? ఎంత మైల నాయనా! వద్దు, ఇంక ఒక్క పొద్దు గుడక వద్దు. పడగొట్టి కొత్తగా కడదాం. కింద అంగళ్ళు, పైన సత్రం. శుద్ధంగా, సిమెంటుతో!"

గురివింద గింజకు తన కింది నలుపు కనబడదంటారు. వీడికి తన నోట్లో పచ్చిమిరపకాయ ఘాటైనా గుర్తు లేదు. నాకు వచ్చిన కోపానికి ఆ డాబా సంగతి అక్కడే చెప్పేద్దామనిపించింది. పెద్దాయన మొహం చూసి ఆగిపోయాను. పాపం, పాలిపోయి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అయ్యా, గుడ్డు అని నేను చెప్పలేదు" అని గట్టిగా అరిచాను. "ప్రోటీను పప్పులో ఉంటుంది, పాలల్లో ఉంటుంది..."

"పాలల్లో ఉంటుందా?" పెద్దాయన మెడ నిటారుగా లేచింది.

"ఉంటుంది. కానీ ఇది పాలదే అని నేను..."

"ఇంకేమప్పా!" ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. "మా ముత్తాత పాలు పోసి కట్టించినాడు! వినండి అందరూ! పాలు!"

హాలంతా చప్పట్లు. కొడుకు చప్పట్లు కొట్టలేదు. నేను రెండు చేతులూ ఊపుతూ "దేనిదో తెలీదు, తెలీదు" అంటూనే ఉన్నాను. ఎవరికి కావాలి! ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టేయమనే జనం. కానీ ఒకటి నిజం, ఆ పాల మాటతోనే సత్రం బతికింది. పెద్దాయన అక్కడికక్కడే సున్నపు పని మొదలుపెట్టమన్నాడు. వంటామె నా చేతులు పట్టుకుని, "నువ్వు సల్లగుండల్ల మేడమ్మా" అని ఏడ్చింది. పోనీలే, పాలనుకుంటే అనుకోనీ, గోడ నిలబడితే చాలు అనుకున్నాను.

సిమెంటు ఊడదీయించాను. సున్నం నానబెట్టడానికి పెరట్లో గుంత తీయించాను. పని తెలిసిన బేల్దారి మేస్త్రిని కుదిర్చి, పాళ్ళు చెప్పి, పరీక్ష పేపర్లు దిద్దడానికి అనంతపురం వచ్చేశాను. తిరిగి వెళ్ళేసరికి ఊరి మొదట్లోనే ఫ్లెక్సీ. పెద్దాయన ఫోటో, ఆయన ముత్తాత బొమ్మ, పక్కన ఆవు బొమ్మ. "సత్రానికి మహా పాలసేవ. భక్తులందరూ పాల్గొని తరించండి."

పరుగెత్తాను. సున్నం గుంత చుట్టూ జనం. బిందెలతో పాలు, క్యాన్లతో పాలు, ప్యాకెట్లతో పాలు. మైకులో దాతల పేర్లు. ఒకాయన పోస్తే పక్క అంగడాయన తగ్గుతాడా, రెండింతలు పోస్తాడు. ఆడవాళ్ళు పసుపు కుంకుమలు చల్లుతున్నారు. గుంత నిండా విరిగిన పాలు, మూగిన ఈగలు, ముక్కు పగిలే కంపు. ఎండకు ఆ పులుపు బజారు దాకా కొడుతోంది. మేస్త్రి వేపచెట్టు కింద తల పట్టుకుని కూర్చున్నాడు.

"నేను చెప్పినా మేడం. ఒక్కొక్కరు ఒక్కొక్క పెద్దమనిషి. ఎవుర్నని ఆపేది?"

వంటామె ఇంకో సంగతి చెప్పింది. అన్నానికి వచ్చినవాళ్ళకు మజ్జిగ లేదని, ఒక్క చెంబు పాలు ఇవ్వండని క్యాన్ల దగ్గరికి వెళితే, "గోడకు తెచ్చిన పాలు మనుషులకు పోస్తే పాపం తగుల్తాది" అన్నారట. ఆ మధ్యాహ్నం బాటసారులు నీళ్ళలాంటి చారు పోసుకుని తిన్నారు. గోడ మాత్రం గేదె పాలు తాగింది.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి నోటికొచ్చినట్టు అరిచాను. ఈ గుంత పూడ్చి కొత్త సున్నం నానబెట్టాలి, ఇది పూస్తే నిలవదు అన్నాను. ఆయన చెవులు మూసుకున్నాడు.

"దేవునికి పోసిన పాలమ్మా. పూడిస్తే ఊరోళ్ళు ఊరుకుంటారా?"

పూశారు. పూజ చేసి మరీ పూశారు. పూసిన గార ఆరలేదు. బూజు పట్టింది. పెళ్ళలు పెళ్ళలుగా జారి కింద పడింది. కుక్కలు వచ్చి నాకాయి. అయినా కొంప మునిగిందేమీ లేదు, పైపూత పోయింది అంతే. లోపలి గోడ చెక్కు చెదరలేదు. గీకేసి మళ్ళీ మామూలు గార పూస్తే సరిపోతుంది. ఈ మాట చెప్పడానికే నేను వెళ్ళాను. అప్పటికే పెద్దాయన హాలు మధ్యలో కూలబడి ఉన్నాడు.

"గోడ పాలు ఒప్పుకోలేదమ్మా" అన్నాడు. "మా ముత్తాత పాలు పోసింటే ఒప్పుకుంటా ఉండె. ఒప్పుకోలేదంటే అది పాలు కాదు. గుడ్డే."

ఇన్నేళ్ళ చదువు చదివాను, ఇన్ని పరీక్షలు చేశాను, ఇలాంటి పరీక్ష ఒకటి ఉంటుందని నాకు తట్టలేదు. బతిమాలాను. ఆ పాలు ఎక్కువై పాడైంది అన్నాను. గుడ్డు పోసినా అలాగే కుళ్ళేది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. పక్కన కొడుకు నాన్న భుజం మీద చేయి వేసి, "బాధపడొద్దు నాయనా, కొత్తది కడదాం" అంటున్నాడు. వీణ్ణి ఏ నోటితో తిట్టాలో నాకు తెలియలేదు. బైపాసు డాబా సంగతి అప్పుడు చెప్పేశాను. పెద్దాయన విన్నాడు. కొడుకు వైపు చూశాడు.

"వాడు తింటే నోరు కడుక్కుంటాడమ్మా. గోడ ఎట్ల కడుక్కుంటాది?"

నేను సంచి భుజాన వేసుకుని అనంతపురం బస్సెక్కాను.

పడగొట్టే రోజు నేను వెళ్ళకూడదు అనుకున్నాను. వంటామె ఫోను చేసి, గిన్నెలు మూట కట్టుకోవాలి, ఒక్కదాన్నే అయిపోయినా అంటే వెళ్ళాను. జేసీబీ పొద్దున్నే వచ్చింది. సిమెంటు గోడల్ని బిస్కెట్లలా విరిచే బండి అది. రాతి గోడను ఒక పోటు పొడిచి వెనక్కి జరిగింది. మళ్ళీ పొడిచింది. ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. డ్రైవరు దిగి గోడను తడిమి చూశాడు.

"ఏమన్నా, ఇంత గట్టిగుండే గోడను ఏంటికి పడగొడతాండారు?"

"చేసే పని చెయ్యప్పా" అన్నాడు కొడుకు.

మధ్యాహ్నానికల్లా ముందరి గోడ మాత్రం వాలింది. వాలిన గోడ ముక్కలు కాలేదు. ఎద్దులబండి అంత దిమ్మెలు, రాయీ గారా కరుచుకుని, పడినవి పడినట్టే ఉన్నాయి. పెద్దాయన తడబడుతూ వెళ్ళి ఒక దిమ్మె పక్కన కూలబడి, పగిలిన వైపున గారను గోటితో గీకాడు. రాలలేదు. చేతికర్రతో కొట్టాడు. రాలలేదు.

"ఇంత గట్టిగా ఉండిందా అమ్మా?"

"మీ హాల్లో నిలబడి చదివినాను కదయ్యా. అదే మొదట చదివినాను."

ఆయన నావైపు చూడలేదు.

"అప్పుడు నేను గుడ్డు కోసరం వింటా ఉంటినమ్మా."

అప్పుడే కదిరి బస్సు దిగి ఒక గొర్రెలాయన వచ్చాడు. భుజాన గొంగడి, పక్కన చిన్న కూతురు. దుమ్ములో దారి చేసుకుంటూ వచ్చి, పడిన గోడను, జేసీబీని చూసి బిత్తరపోయాడు. ఆటోలో గిన్నెల మూటల మధ్య కూర్చున్న వంటామెను గుర్తుపట్టి దగ్గరికి వెళ్ళాడు.

"ఏమ్మా, ఈ పొద్దు అన్నం లేదా?"

ఆమె మూటకు ముఖం ఆనించుకుంది. ఆయన ఆమెనూ, మమ్మల్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు. చివరికి పెద్దాయనే ఆ దిమ్మె పట్టుకుని లేచాడు.

"లేదప్పా" అన్నాడు. "ఇంక లేదు. బస్టాండు కాడ హోటలు ఉండాది, బిడ్డను ఆడికి తోలుకుపో."